మూగ మెట్లు

ఖాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్ల చెక్క నేల
ఇప్పటికీ ఒక మూలకు కిర్రుమంటది.
అక్కడ్నే నిలబడి జాజ్ పాడేదట డోరీన్ టీచర్,
శనివారం రాత్రి, ఆకుపచ్చ సిల్కు గౌనేసుకొని.
లోకో షెడ్డోళ్లు నూనె చేతులు కడుక్కొని వచ్చేటోళ్లట.

ఇప్పుడు ఫాతిమానగర్ల రెండర్రల ఇల్లు.
పాత పియానో. అందుల మూడు మెట్లు మూగవి.
"ఆ మూడు మీరే పాడాలె" అంటది.

మేం ఐదుగురం. పాయింట్స్‌మన్ బిడ్డను నేను.
బతుకమ్మ ఆటల గుడ
నా చప్పట్లు అందరికంటె ఒకటి ఆలస్యం.
ఇంట్ల నవ్వేటోళ్లు.
టీచర్ నవ్వలే.
"తాళాన్ని ముందు పోనీ.
కదిలిన బండి ఎక్కేటోని లెక్క
ఎక్కు నువ్వు."

పాడుడెందుకు బంజేసినవ్ అని ఓదేలు అడిగిండు.
మెడ మీది సన్నటి గీత తడుముకున్నది.
"ఆపరేషన్ల పై సగం పోయింది.
కింది సగానికి
సికింద్రాబాద్ హోటలోళ్లు పైసలియ్యలే."
అంతే. చాయ్ వడగట్టింది.

నిన్న నేను పాడుతుంటే
బొగ్గు గూడ్సు పోయింది, కిటికీలదిరినయ్.
ఆగిన.
ఆమె చెయ్యెత్తింది,
పాడమని కాదు, వినమని.
యాభై ఎనిమిది డబ్బాలు. లెక్కపెట్టిన.
ఆఖరిది దాటినంక మిగిలిన సందుల
తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టు
ఒక్క స్వరం,
కింది సగంల నుంచి, పెట్టింది.

దాని మీద కాలు మోపి
నేను ఎక్కిన,
ఎప్పటిలెక్కనే
జరంత ఆలస్యంగ.