పొట్లం మీది మాట

టాంపెరేలో ఆ రాత్రి మైనస్ పద్దెనిమిది.
ట్రామ్ పట్టాల పక్కన, చొక్కా లేకుండా, వెయిక్కా.
వొంట్లో నలభై ఒకటి.

గోడల్లో ఎవరో పేరు పిలుస్తున్నారట.
చర్మం కింద పురుగులట,
మోచేతి దాకా గీరేసుకున్నాడు.
ఖాళీ తిరగలిలా దవడలు.
నాడి లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాను: నూట డెబ్భై.

ఐసు సంచులు చాల్లేదు.
రోడ్డు పక్క మంచే దోసిళ్లతో ఎత్తి
చంకల్లో కుక్కాం.
కరిగింది. మళ్లీ కుక్కాం.

జేబులో పొట్లం. స్నానపు ఉప్పు అని రాసుంది,
తినరాదు అని కూడా.
అమ్మినవాడు అబద్ధమాడలేదు.

తెల్లారి వాళ్లమ్మ తూలిక్కి వచ్చింది.
మూత్రం టీ రంగులో ఉందని, కిడ్నీలని
డాక్టరు చెప్తూనే ఉన్నాడు.
"ఆరు రాత్రులు నిద్రపోలేదు వీడు.
ఇప్పుడు పడుకున్నాడా, లేక..."

మానిటర్ చప్పుడు కొంచెం పెంచాను.