బోణీ కట్ట

గన్నవరం అక్విడక్టు మీద కాలువ పారుతుంది,
కింద వైనతేయ పారుతుంది.
ఒక నీటి నెత్తిన ఇంకో నీరు,
తాతల నాటి నుంచీ చుక్క కలవకుండా.

నా మందుల కొట్టు ఆ వంతెన దిగువన.
కొనడానికొచ్చేవాళ్ళంతా
ఒంట్లోనూ అలాంటిదొకటి కట్టి ఉందనుకుంటారు:
మందు దారి మందుది, కూడు దారి కూడుది.

డ్రిల్లు మాస్టారు కామరాజు గారు
కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుని
రోజూ పెరటి పంపరపనస తొనలు వొలుచుకు తిని తిని
పిక్కలు పట్టేసి, నెల్లాళ్ళు
కుర్చీలో కూర్చునే విజిలూదారు.
గడ్డకిచ్చిన క్యాప్సూల్‌ని గేదెపాలతో మింగాడో కుర్రాడు.
గుణమంతా పాలకే చిక్కింది,
గడ్డ గడ్డలాగే ఉంది.
ఒంట్లో అక్విడక్టు లేదండీ, అంటాను చిల్లర ఇస్తూ.
చిల్లర లెక్కపెట్టుకుంటూ వింటారు.

సత్యవేణి మాత్రం నాకు లొంగలేదు.
లంక నుంచి తొలి పడవకి ఆకుకూరల తట్ట.
గుండెలో, కాకినాడలో వేసిన లోహపు తలుపు.
కరెంటు పోయి ఫ్యాను ఆగితే వినబడుతుంది,
టిక్కు, టిక్కు,
బేరమాడేటప్పుడు కాస్త జోరుగా.
ఆ తలుపు దగ్గర నెత్తురు గడ్డకట్టకుండా రోజుకో మాత్ర,
నెలకోసారి ఐఎన్ఆర్ చీటీ.
రెండున్నరకీ మూడున్నరకీ మధ్య నిలవాలి అంకె.
నిలవదు.
డాక్టరు గారు మాత్ర పెంచుతారు, తగ్గిస్తారు,
మళ్ళీ పెంచుతారు.
"మరిచిపోతున్నావా?"
"అమ్మతోడండీ. సూరీడు మరిచినా నేను మరవనండీ."

ఖాతా పుస్తకం వెనకట్ట మీద
ఆమె అంకెలు వరసగా రాసుకున్నాను.
ఓ రాత్రి కొట్టు కట్టేస్తూ
పక్కన నెలలు వేసి చదివాను.

కార్తీకం. ఊరంతా నీచు మానేసింది.
తట్ట పదింటికే ఖాళీ.
నాలుగు పాయింటు ఆరు. పళ్ళు తోముకుంటే నెత్తురు.

ఎర్రనీరు తగిలిన వారాలు. చేతిలో డబ్బంతా పులసకే.
తోటకూర, గోంగూర, పొన్నగంటి
వచ్చిన పడవకే వెనక్కి ఎక్కాయి.
ఒకటి పాయింటు ఏడు.

వరద లంకెక్కింది. హైస్కూలు వరండాలో పులిహోర పొట్లాలు.
మళ్ళీ నాలుగు దాటింది.

మా సంత లెక్కంతా
ఆమె నెత్తురు రాస్తోంది.

"మిగిలిన కట్టలేం చేస్తావ్?"
"ఏం చేత్తామండీ, ఉడకేసుకు తినేత్తాం.
నీళ్ళు మోసి పెంచిన చేతుల్తో పారబోత్తామేటండీ?"
"అన్నీ అమ్ముడైన రోజు?"
"ఆయ్, ఆ రోజు మజ్జిగా పచ్చిమిరపకాయానండీ."

ఆకు ముట్టొద్దు, అనబోయాను.
పథ్యమంటే మానడమనే మా నాయన నేర్పాడు.
ఆమె గోళ్ళ సందుల్లో పచ్చటి పసరు.
ఈ మందుకి పథ్యం మానడం కాదు,
మారకపోవడం.

"రోజూ బోణీ నువ్వే కొనుక్కో సత్యవేణీ.
తట్ట దించగానే ఒక్క కట్ట నీది, పక్కన పెట్టెయ్.
పులసొచ్చినా, కార్తీకమొచ్చినా అంతే.
రెండో కట్ట మాత్రం ముట్టకు."
"నా సేతి బోణీ నాకేనా! కలిసొత్తాదంటారా?"
నవ్వింది. నవ్వు వెనకే
టిక్కు టిక్కు టిక్కు.

కట్ట సంగతంతా కాగితం మీద రాసిచ్చి
డాక్టరు గారి దగ్గరికి పంపాను.
మాత్ర ఎంతన్నది ఆయన తేల్చారు.

ఇప్పుడు మిగిలిన కట్టలు
చివరి పడవకి ముందు నా బల్ల మీదికొస్తాయి.
డబ్బులిస్తే తీసుకోదు, వద్దంటే వినదు.
టానిక్కు సీసాల మధ్య గోంగూర వాసన.
మా ఇంట్లో మూడు పూటలా పులుపే.
నిన్నటి అంకె రెండు పాయింటు తొమ్మిది.

ఈవేళ కొట్టు తెరుస్తూనే
నా థైరాయిడ్ మాత్ర నోట్లో వేసుకుని
పొగలు కక్కే కాఫీ ఒక్క గుక్క తాగాను.
తట్ట దించుతూ చూసింది.
గ్లాసు వంక, నా వంక.

"అదేటండీ,
మీకొక్కళ్ళకీ కట్టారేటండీ,
ఒంట్లో అక్విడక్టు?"