ఏ ఆకు ఎవరిది

వాగా వాగాలో జనవరి. నలభై రెండు డిగ్రీలు.
నేనింకా లారీ దిగనే లేదు,
కంచె దగ్గర నిలబడి గ్లెండా పర్టెల్ తీర్పు చెప్పేసింది:
"ఆ దొంగది నా చెట్టును తాగేస్తోంది. నరికెయ్."

పైకి చూశాను. ముసలి యూకలిప్టస్.
దాని చంకల్లో గుత్తులు గుత్తులుగా బదనిక.
కౌన్సిల్ కాగితంలో "తీసెయ్యాలి" అని ఒక గడి,
"ఉండనివ్వాలి" అని ఇంకో గడి.
టిక్కు పెట్టాల్సింది నేనే.

చెప్పి చూశాను.
మూడేళ్ళుగా వాన లేదమ్మా,
పైగా వేళ్ళ మీద మీరు పోయించిన సిమెంటు.
ఇది తాగుతుంది గానీ పిసినారి కాదు,
పీల్చిన సారమంతా ఆకులో ఉంచే రాలుస్తుంది,
గడ్డి ఎక్కడ పచ్చగా ఉందో మీరే చూడండి.
"దొంగ దానం చేస్తే దొర అవుతాడా?" అంది.
చెట్టు నోరు మూసుకున్న ఎండలో కూడా
ఇది తాగడం ఆపదన్న సంగతి
నేను చెప్పలేదు.
జవాబు లేదు నా దగ్గర. రంపం ఉంది.

బకెట్‌లో నిలబడి పైకి లేచాను.
కింద నుంచి రెండుగా కనబడ్డవి
దగ్గరికొచ్చేసరికి ఒకటే.
అదే కొడవలి వంపు, అదే బూడిద పచ్చ,
అదే తల వేలాడేసుకోవడం.
చెట్టు ఎలా అలిసిపోతుందో కూడా నేర్చేసుకుంది.
నలిపి వాసన చూశాను: ఒకటి తైలం, ఒకటి ఉత్త ఆకు.
అరగంటయ్యేసరికి నా వేళ్ళన్నీ తైలమే.

ఎర్రగొంతు పిట్టొకటి, బొటనవేలంత,
నన్ను పూచికపుల్లగా కూడా లెక్కచెయ్యకుండా వాలి
కొమ్మకు వెనకభాగం రుద్ది
జిగురు గింజ అంటించి తుర్రుమంది.
విత్తనం వెయ్యడానికి
మొహమాటం అక్కర్లేదు.

కళ్ళలో చెమట. లావుపాటి కొమ్మ కోశాను.
కింద పడ్డాక తెలిసింది అది చెట్టుదేనని.
పైన బదనిక ఊగుతోంది, ఏమీ ఎరగనట్టు.
గ్లెండా కాలి బూటుతో కొమ్మను తిప్పి చూసి
"పీడ విరగడైంది" అంది.
సంతకం పెట్టింది. చల్లటి నిమ్మరసం ఇచ్చింది.
తాగాను.

గ్లవ్‌కి అంటిన గింజను ఎక్కడ తుడిచానో గుర్తులేదు.
పది రోజులకు కనబడింది, లారీ స్టీరింగ్ మీద:
గోరంత పచ్చని వేలు
వంగి, ప్లాస్టిక్‌ను నొక్కి చూస్తోంది
నాడి ఎక్కడా అని.