పిడి

నా కత్తి పిడి పగిలింది.
అలుగు మంచిగనే ఉంది.
పదకొండేండ్లు బత్తాయిల పులుపు తాగి
నల్లబడ్డది గాని మొద్దుబారలే.
పగిలింది ఎర్ర ప్లాస్టిక్,
లారీ డాలా మీదికెల్లి జారిపడ్డ రోజు.
రెండు దినాలు కరెంటు టేపు చుట్టి కోసిన.
టేపు కింద రసం చేరి
చీమలు నా రొండి దాకా వచ్చినయి.

మల్సూరు అన్నడు,
"నూటిరవై పెడితే కొత్తది రాదా అండాలక్కా?"
వస్తది.
దానికి నా చెయ్యి అలవాటు కావొద్దా?

బార్కాస్‌ల అవద్ బిన్ సాలెం దుకాణం.
ఒక మనిషి కూసుంటే ఇంకో మనిషి నిలబడాలె.
రేకు డబ్బాల నిండా పిడి ముక్కలు,
ఎవరూ పట్టుకోని పిడికిళ్ళ లెక్క.

ముందు కొమ్ము పెట్టిండు నా అరచేతిల.
దున్నపోతుది. నలుపుల తేనెరంగు చార.
ఎంత సల్లగుందో!
"వానకు ఉబ్బుతది, ఎండకు ముడుస్కుంటది,
ఇంకా జిందా ఉన్నట్టే," అన్నడు.
వద్దు భాయ్,
వానకు ఎండకు మండీల నేనొక్కదాన్ని చాలు.

ఇత్తడి.
రొండిన తూకంరాయి చెక్కుకున్నట్టు.
పులుపు తగిలితే చిలుమెక్కుతది,
ముక్క నోట్లె వేసుకున్న సేటు
నా దిక్కు ఉమ్ముతడు.

జిట్రేగి చెక్క.
నల్లరేగడి సాళ్ళ లెక్క గీతలు,
కండ్లు తిప్పబుద్ధి కాలే.
వారానికోపారి నూనె రాయాలంట.
నా తలకే దిక్కు లేదు.

టైటానియం గుడ్డల చుట్టి ఉంది.
మంట చూపిస్తే నెమలిమెడ రంగు తిరిగింది.
ధర చెప్పిండు. మెల్లగ కింద పెట్టిన.
"ఇది కొనేటోళ్ళకు కోసేదేం ఉండదక్కా.
తెరుస్తరు, మూస్తరు, టక్కుమంటే వింటరు."
నేను గూడ తెరిచి మూసిన, ఒక్కపారి.
మంచి చప్పుడే.

సర్క్యూట్ బోర్డులకు వాడే పచ్చరేకు,
కుషాయిగూడ ముక్క.
నీళ్ళు తాగదు, పగలదు, తడిచేతిల జారదు.
"అరగదీస్తుంటే మాత్రం
దుమ్ము గాజు లెక్క గొంతుల దిగుతది,"
అనుకుంట దగ్గిండు.
అన్నిట్ల సరైనది అదే.
అదే తీసుకుందును.

కింది డబ్బాల మట్టిరంగుది కనబడ్డది.
గోనెపట్ట!
జిగురుల ముంచి, పొర మీద పొర వేసి,
బిగించి బిగించి రాయి చేసిండు.
అంచుకు పోగులు కనబడుతున్నయి.
గోటితోని గీకిన, పోగు లేవలే.
ముక్కు కాడ పెట్టుకున్న, వాసనే లేదు.
ఇన్నేండ్లల్ల వాసన లేని గోనె
ఇదే చూసుడు.

"తడిస్తే ఇంకా గట్టిగ పట్టుకుంటది."
"యాడిదీ గోనె?"
"గోనెకు పేరుంటదా అక్కా?"

ఉంటది.
బస్తా బస్తాకు మేం నీలిసిరా మార్కు కొడ్తం.
కొత్తపేట మండీ ఖాళీ చేసిననాడు
మిగిలిన బస్తాలు ఎవరెవరో ఎత్తుకపోయిండ్రు.
ఈ ముక్క మూడో పొరల గోరంత నీలం.
ఏ అక్షరమో, ఎవరి దుకాణమో.
అది మరకైనా కావచ్చు.

మేకులు పీకి స్టీలు మరలు పెట్టిండు,
విప్పి కడుక్కోవచ్చని.
క్లిప్పు పెడ్తనన్నడు. చీరకు జేబెక్కడిది?
తాడుకు బొంద కొట్టుమన్న.
నాలుగు వందల ఎనభై, నాలుగు వందలకు దిగిండు,
టీ మాత్రం నాతోనే తెప్పిచ్చిండు.

పాత పిడికి బొటనవేలు దిగే గుంట ఒకటుండె.
"గీడ కొంచెం అరగదియ్యి."
ఆకురాయి అందుకున్నడు,
నా వేలు దిక్కు చూసిండు,
మళ్ళ కింద పెట్టిండు.
"నేను తీస్తే నా వేలు గుంట అయితది."

తెల్లారి బాటసింగారం, నాలుగున్నర.
మొదటి లారీ, మొదటి కాయ.
బొటనవేలు జాగ కోసం తడుముకుంటనే ఉంది,
అయినా కోసిన.
మల్సూరు చెయ్యి చాపి ముక్క తీసుకున్నడు,
కత్తి దిక్కు చూడనే లేదు.
"పులుపు," అన్నడు.