రెండించుల గడి

యుద్ధంల ఏం జేసినవని అడుగుతానవ్ సారూ,
నీ కాయితం మీద గడి రెండించులే ఉన్నది.
తుపాకి కాల్చినవా అంటే, లేదు.
రాసుకో.
దెబ్బ తగిలిందా అంటే, ఆరె దిగింది బొటనేలుకు
మూడుసార్లు. అది రాయకు.

పేరు మాతంగి ఓదేలు.
ఊరు పరకాల అవుతల, వాగు దాటినంక.
జమ్మికుంట టేసన్ల రైలెక్కిచ్చిండ్రు
సేతికి ఒక రంపె, ఒక ఆరె, ఒక ఇనుపకాలు ఇచ్చి.
ఇనుపకాలంటే ఎర్కేనా?
బోర్ల పెట్టిన పాదం.
దానికి బూటు తొడిగి మేకు కొడితె
లోపల మొన వంగి పండుకుంటది.
పండుకోకపోతె నడిచేటోని మడిమెల లేస్తది.
ఒక్క మేకు తప్పితె
ఒక్క మనిషి వెనుకబడుతడు.
ఆ అడవిల వెనుకబడుడంటే ఏందో
నువ్వు రాయలేవు.

ఎనిమిదొందల మంది పల్టన్.
మొకాలు నాకు ఎర్క లేవు సారూ,
పొద్దుందాక తల ఒంచుకునే కూసుంటి.
అడుగులు ఎర్క.
కుడి మడిమె అరిగితె నాందేవు సుబేదారు.
బొటనేలు కాడ పొక్క వడితె లాన్స్‌నాయక్ అజ్మతు,
రాళ్లను తన్నుకుంట నడుస్తడు, పిల్లగాడు.
మా దిక్కోడు కొంరెల్లి, ఐలోని కాడ ఊరు,
రెండు బూట్లు ఒక్క తీరుగ అరిగేటియి.
అసొంటోడు వెయ్యిట్ల ఒక్కడు.
నాగలి పట్టి సాలు తప్పనోడు.

బర్మాల వాన మన మానేరు లెక్క కాదు.
మానేరు వచ్చి పోతది.
అది వచ్చి కూసున్నది.
నాలుగు నెలలు తోలు ఆరలే.
దారం మురిగె, మైనం బూజు వట్టె.
మా లందల తంగేడు చెక్క నానిన వాసన కోసం
పానం కొట్టుకునేది.
ఇంటికాడ ఆ వాసనకే
ఊరు ముక్కు మూసుకునేది.

ఐరావతి దాటిన రాత్రి
నేను ఇవుతలి ఒడ్డుకే ఉన్న, కంచరగాడిదల కాడ.
సప్పుడిన్న. ఏం జూడలే.
తెల్లారి గోనెసంచులల్ల బూట్లు అచ్చినయ్.
పనికచ్చేటియి తియ్యమన్నడు కప్తాను,
కొత్త జవాన్లు వస్తాండ్రు, కాళ్లకు లెవ్వు.
నూట నలభై ఒకటి.
జతలు కాదు సారూ, ఒక్కొక్కటి.
ఎడమకు కుడి ఎతికి ఎతికి కలిపిన.
సైజు కలిస్తె మనిషి కలవడు.
నాందేవుది కుడి, ఎవలిదో ఎడమ,
కొత్త అట్టలేసి
ఎవనికో తొడిగి పంపిన, మళ్ల అదే నది మీదికి.
పొక్క వడ్డ బూటు సుత దొరికింది.
కొంరెల్లిది దొరకలే.
దొరకలేదని ఏడాది సంబురపడ్డ,
ఐలోని జాతరల వాని తమ్ముడు
నా సెయ్యి పట్టుకొని అడిగేదాక.

వాపసు అచ్చేటప్పుడు నా కాళ్లకు సుత బూట్లున్నయ్.
ఎనిమిదో నంబరు, సర్కారుయి.
జమ్మికుంటకెల్లి నడిచిన.
దొర గడి మలుపు కాడ సుంకరోడు సెయ్యి అడ్డం వెట్టిండు,
ఏందిరా ఓదిగా, ఆ సప్పుడు?
దుబ్బల కూసున్న. ముడి ఇప్పవట్టిన.
పల్టన్ల నేర్పిన ముడి, తడిసినా ఊడది.
ఎంతసేపు ఇప్పిన్నో.
గడి మీది పావురాలు లేసి, మళ్ల వాలినయ్.
సుంకరోడు సూసి సూసి,
పోరా పో, దొర పండుకున్నడన్నడు.
అప్పటికి ఒక్కటే ఊడింది.
ఒక కాలికి బూటు, ఒక బూటు సేతుల.
గట్లనే వొయ్యిన గడి ముంగటకెల్లి,
టక్కుమని ఒక అడుగు,
సప్పుడు లేకుంట ఒక అడుగు.

గా గడి ఇప్పుడు కూలింది,
లోపల సీతాఫలం చెట్లు మొలిచినయ్.
నీ కాయితం మీదిదే మిగిలింది.
మోచి అని రాస్తె రాయి, అబద్ధం కాదు.

గని నువ్వు అరుగెక్కుతాంటె ఇన్న సారూ,
ఎడమ చెప్పుకు ఉంగటం తెగనీకచ్చింది.
ఇటియ్యి.
సంతకం ఎనుక వెడుత.