నాలుగు వందల పన్నెండు

గ్లాస్గోలో, క్లైడ్ ఏటి పక్క హాల్లో
నా ముందు ఫెర్గస్. వీపున అట్టముక్కల రెక్కలు.
కూర్చోలేడు, వంగలేడు,
వెనక్కి తిరిగితే చాలు, నా కళ్ళజోడుకి గండం.

నా టోకెను నాలుగు వందల పన్నెండు.
పదకొండింటికి రెండు వందల ఏడు పిలిచారు.
ఒంటిగంటకీ రెండు వందల ఏడే.
"ఆయన భోజనానికి వెళ్ళారు," అంది మోర్వెన్,
పసుప్పచ్చ కోటులో, పొద్దుట్నించీ తిట్లతోనే
కడుపు నిండినదానిలా.

ముప్పై ఏళ్ళ కిందటి సీరియల్లో
రెప్పపాటులో గ్రహాలు దాటేవాడు
ఒక ప్లేటు ఆలూ వేపుడు దాటడానికి గంటన్నర!

సంతకానికి అరవై పౌండ్లు.
అంటే నేను బస్సు తోలే ఒక పూట.
సంచిలో ఫొటో అప్పుడే వంకర్లు పోతోంది.
క్యూ కదిలిందనుకున్నా.
ఎవరో బూటు లేసు కట్టుకోవడానికి వంగారంతే.

నాలుగున్నరకి మోర్వెన్ టేపు తెచ్చింది.
ఫెర్గస్ రెక్కకీ నా ముక్కుకీ మధ్య లాగి కట్టింది.
"ఇక్కడిదాకానే."

పావుగంటకి తిరిగొచ్చాడు ఫెర్గస్,
నలిపేసిన చీమలాంటి సంతకంతో.
"తలెత్తలేదు. నా పేరు ఫ్రాంక్ అని రాశాడు."
ఆ తర్వాత వీపు నావైపు తిప్పి,
"ఈ ముళ్ళు కాస్త విప్పుతావా?
పొద్దుట్నించీ కూర్చోలేదు."

విప్పాను. ఆఖరిది పళ్ళతో.
వేళ్ళనిండా వెండిరంగు.
రాత్రి డ్యూటీలో
స్టీరింగుకి కూడా కొంచెం అంటింది.