ఆరో గడి

కుక్కల రిజిస్టరులో ఏడు గడులు.
ఐదోది జాతి, ఆరోది యజమాని.
అట్ట లోపలివైపు మైదా లైతో నేనే అంటించాను
పైనుంచి వచ్చిన జాబితా:
ఈ జాతులకు మూతికి చిక్కం, మెడకు బిళ్ళ,
కరిస్తే ఖర్చంతా యజమానిదే.

మిర్యాలగూడలో మే నెల, మిట్టమధ్యాహ్నం.
మిల్లుల ఊక బూడిద ఫ్యాను రెక్కల మీద కూడా.
మట్టయ్య వచ్చాడు,
ఎడమచేతికి కట్టు, కుడిచేతిలో గొలుసు,
గొలుసు చివర దూడంత నల్ల కుక్క.
బైపాసు పక్క రైసుమిల్లు కాపలాదారు.
"దవఖానల సూది ఏసిండ్రు,
ఈడ రాయించుకరమ్మన్నరు సారు."

జాతి?
"నాకు నోరు తిరగది.
సేటు బెంగుళూరు నుంచి తెప్పిచ్చిండు,
నా ఏడాది జీతమంత పెట్టి."
నా వేలు జాబితా వెంట దిగి
మూడో వరుసలో ఆగింది.

యజమాని?
పాత పేజీ తిప్పాను. నా చేతిరాతే:
చింతకాయల మట్టయ్య, తండ్రి సోమయ్య.
పక్కన వేలిముద్ర.
"టీకా కాయిదమన్నరు. ఏసిన."

కరిచిన కుక్క మట్టయ్యది.
అది కరిచిన మనిషి మట్టయ్య.
పరిహారం ఇవ్వాల్సింది మట్టయ్య,
పుచ్చుకోవాల్సింది మట్టయ్య.
జుర్మానా మాత్రం మున్సిపాలిటీకి.
పదహారేళ్ళ నౌకరీలో
లెక్క ఇంత చక్కగా కుదిరిన కేసు లేదు.

సేటుకు ఫోను చేశాను.
"కాయిదంల ఏమున్నదో అదే సూస్కో."
వెనక జల్లెడల చప్పుడు.

అసలెట్లా కరిచింది?
"నన్ను కరువలే సారు.
గొలుసు మెడల దిగబడి పుండైంది.
తీద్దామని ఏలు పెట్టిన.
అది గొలుసునే కరిచింది,
నా చెయ్యి నడుమల ఉన్నది."

నాలుగేళ్ళుగా దానికి నూకలూ కోడికాళ్ళూ
ఉడకేసిందెవరు,
చలికి ఒకే గోనెసంచి కప్పుకున్నదెవరు
అనే గడి లేదు.
ఉంటే అక్కడా ఈ పేరే రాసేవాణ్ణి.
నన్ను తొలుస్తున్నది అదే.

ఐదువందలకు రశీదు కోశాను.
లోజేబులోంచి తీసిన నోట్లు తవుడు వాసన.
"ముద్ర రెండు దిక్కుల ఎయ్యాల్నా,
ఇచ్చెటోనిది, తీసుకునెటోనిది?"
ఎడమ బొటనవేలు కట్టులో ఉంది.
కుడిది ఒత్తాడు, రెండుసార్లు.
నిరుటి ముద్రతో కలవదు.
కాయితం మీద వీళ్ళిద్దరూ వేరే మనుషులు.
పై అధికారి చూస్తే చూడనీ.

మెట్లు దిగుతూ వంగాడు.
వేలికున్న సిరాను కుక్క నాకేసింది.
మూతికి చిక్కం లేదు.
అదీ ఏడో గడిలో రాయాలి.

రాయలేదు.